ఇంగ్లీషు క్రియలు, భాషాభాగాలు: తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకాలకు మనకు కొదవ లేదు. అయితే వాటిలో చాలావరకు ఇంగ్లీషును ఇంగ్లీషుతోనే వివరిస్తాయి. తెలుగు పీరియడులో మాస్టారు చెప్పిన సకర్మక క్రియ, అకర్మక క్రియ, సమాపక క్రియ, అసమాపక క్రియ అన్నవి ఇంగ్లీషు పీరియడు మొదలయ్యేసరికి పుస్తకంతోపాటే సంచిలోకి వెళ్ళిపోతాయి. నిజానికి ఇంగ్లీషు క్రియలను అర్థం చేసుకోవడానికి కావలసిన సామగ్రిలో సగానికి పైగా ఆ పాఠాల్లోనే ఉంది. కింది ప్రశ్నలు బడి పిల్లలు, టెట్, డీఎస్సీ పరీక్షలకు చదివేవారు, విదేశాలకు వెళ్ళడానికి ఐఈఎల్‌టీఎస్ రాసేవారు తరచుగా అడిగేవి. జవాబుల్లో రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూపించాం. ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగు లిపిలోనే ఉన్నాయి కనుక వాటిని పైకి చదువుకుంటే సులువుగా పట్టుబడతాయి.

ప్రశ్న: ఇంగ్లీషులో భాషాభాగాలు ఎన్ని? కొన్ని పుస్తకాల్లో ఎనిమిది అని, కొన్నింటిలో తొమ్మిది అని ఉంది. ఏది సరైనది?

బడి పుస్తకాల లెక్క ఎనిమిది: నౌన్, ప్రోనౌన్, వెర్బ్, అడ్జెక్టివ్, అడ్వెర్బ్, ప్రిపొజిషన్, కంజంక్షన్, ఇంటర్జెక్షన్. ఈ ఎనిమిది అనే సంఖ్య ఇంగ్లీషులో పుట్టింది కాదు. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దానికి చెందిన డయొనీషియస్ త్రాక్స్ పేరుమీద ఉన్న గ్రీకు వ్యాకరణంలోనే ఎనిమిది భాషాభాగాలు కనిపిస్తాయి, కానీ అవి ఈ ఎనిమిదీ కావు. అక్కడ ఆర్టికల్‌కు, పార్టిసిపుల్‌కు విడివిడిగా చోటు ఉంది, అడ్జెక్టివ్ మాత్రం నామవాచకంలోనే కలిసిపోయింది. లాటిన్‌లో ఆర్టికల్ లేదు కనుక, ఆ భాషకు వ్యాకరణం రాసినవారు దాన్ని తీసివేసి, ఖాళీ అయిన చోట ఇంటర్జెక్షన్‌ను చేర్చి సంఖ్యను కాపాడుకున్నారు. ఇంగ్లీషు వ్యాకరణాలు ఈ వరసనుంచే వచ్చాయి. ఆధునిక వ్యాకరణవేత్తలు ఎ, ద, దిస్, మై, సమ్ వంటి పదాలను డిటర్మినర్ అనే వేరే తరగతిలో పెడతారు. తొమ్మిది అన్న లెక్క సాధారణంగా అక్కడినుంచే వస్తుంది.

మన దగ్గర కూడా ఇదే పరిస్థితి. యాస్కుడు నిరుక్తంలో నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం అని నాలుగే చెప్పాడు. తెలుగు బడి పుస్తకాలు నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని ఐదు చెబుతాయి. సంఖ్య జల్లెడను బట్టి మారుతుంది, ధాన్యం మాత్రం అదే. పరీక్షలో ఎనిమిది అని అడిగితే ఎనిమిది రాయండి, దాని గురించి పరీక్షకుడితో వాదన పెట్టుకోవలసిన పని లేదు.

ప్రశ్న: ఒక పదం ఏ భాషాభాగమో అర్థాన్ని బట్టి చెప్పవచ్చా?

చెప్పలేం. పనిని తెలిపేది వెర్బ్ అన్న నిర్వచనం మూడో తరగతికి సరిపోతుంది కానీ ఆపైన నిలబడదు. ‘డిస్ట్రక్షన్’ అంటే నాశనం చేయడం, అది పనే, అయినా ఆ పదం నౌన్. ‘నో’ అంటే తెలిసి ఉండటం, అందులో చేసే పని ఏమీ లేదు, అయినా అది వెర్బ్. పదం వాక్యంలో ఎక్కడ కూర్చుంది, ఏ ప్రత్యయాలను తగిలించుకోగలదు, పక్క పదాలతో దాని సంబంధం ఏమిటి అన్న మూడు విషయాలు చూస్తేనే తరగతి తేలుతుంది.

‘రౌండ్’ అనే ఒక్క పదాన్ని దగ్గరగా చూడండి. ‘ఎ రౌండ్ టేబుల్’ అన్నప్పుడు అది గుండ్రని బల్ల, కనుక అడ్జెక్టివ్. ‘ద ఫస్ట్ రౌండ్’ అంటే మొదటి విడత, నౌన్. ‘వి రౌండెడ్ ద కార్నర్’ అంటే మలుపు తిరిగాం, వెర్బ్. ‘హి టర్న్‌డ్ రౌండ్’ అంటే వెనక్కి తిరిగాడు, అడ్వెర్బ్. ‘షి వాక్‌డ్ రౌండ్ ద టెంపుల్’ అంటే గుడి చుట్టూ నడిచింది, ప్రిపొజిషన్. ఐదు వాక్యాల్లో ఐదు ఉద్యోగాలు, మనిషి మాత్రం ఒక్కడే. తెలుగులో అయితే గుండ్రని, గుండ్రంగా, తిరిగాడు, చుట్టూ అంటూ పదమో దాని చివరి భాగమో మారి, తాను ఎవరో చాలావరకు చెప్పేస్తుంది. అందుకే మనకు పదాన్ని విడిగా చూసి పేరు పెట్టే అలవాటు ఉంటుంది. ఇంగ్లీషు పదాన్ని అలా విడిగా చూపించి ఇది ఏ భాషాభాగం అని అడిగితే, వాక్యం ఇవ్వండి అన్నదే సరైన జవాబు. ‘వాటర్’ అంటే నీళ్ళు అనే కదా అనుకుంటాం, కానీ ‘వాటర్ ద ప్లాంట్స్’ అన్నచోట అది మొక్కలకు నీళ్ళు పోయడం అనే క్రియ.

ప్రశ్న: వెర్బుల్లో రకాలు ఎన్ని? ఒక్కో పుస్తకంలో ఒక్కో పట్టిక ఎందుకు ఉంటుంది?

ఒకే మనిషి ఓటరు జాబితాలో ఓటరుగా, ఇంటి యజమాని పుస్తకంలో అద్దెకున్నవాడిగా, బడి రిజిస్టరులో పిల్లవాడి తండ్రిగా నమోదై ఉన్నట్టే, ఒకే వెర్బ్ కూడా అడిగే ప్రశ్నను బట్టి వేర్వేరు జాబితాల్లో కనిపిస్తుంది. కర్మ కావాలా అని అడిగితే ట్రాన్సిటివ్, ఇన్‌ట్రాన్సిటివ్ అని రెండు. సొంతంగా అర్థం ఇస్తుందా, మరో క్రియకు తోడుగా నిలుస్తుందా అని అడిగితే మెయిన్, ఆగ్జిలరీ అని రెండు. పనిని చెబుతుందా, స్థితిని చెబుతుందా అని అడిగితే డైనమిక్, స్టేటివ్. వాక్యాన్ని ముగిస్తుందా లేదా అని అడిగితే ఫైనైట్, నాన్‌ఫైనైట్. భూతకాల రూపం ‘ఈడీ’తో వస్తుందా అని అడిగితే రెగ్యులర్, ఇర్రెగ్యులర్. ఇవన్నీ ఒకే నిచ్చెన మెట్లు అనుకొని బట్టీ పట్టేవారు, ‘బ్రేక్’ ట్రాన్సిటివా ఇర్రెగ్యులరా అని సందేహపడుతుంటారు. అది రెండూను.

ప్రశ్న: ‘ఈజ్’, ‘యామ్’, ‘ఆర్’ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో ఎప్పుడూ తికమకగా ఉంటుంది. ఎందుకు?

తెలుగులో ‘అతను డాక్టరు’ అన్నది పూర్తి వాక్యం. అందులో క్రియ లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఇంగ్లీషు వాక్యానికి ఫైనైట్ వెర్బ్ తప్పనిసరి కనుక అక్కడ ‘హి ఈజ్ ఎ డాక్టర్’ అని ‘ఈజ్’ చేరుతుంది. దీన్ని లింకింగ్ వెర్బ్ అంటారు. కర్తను, దాని గురించి చెప్పే మాటను ముడివేయడం తప్ప దానికి వేరే పని లేదు. మొదట్లో మనవాళ్ళు దీన్ని వదిలేస్తారు. వదిలేయకూడదని మాస్టారు నాలుగుసార్లు చెప్పాక, ఎందుకైనా మంచిదని ప్రతి వాక్యంలోనూ పెట్టి ‘హి ఈజ్ గో’, ‘ఐ యామ్ అగ్రీ’ అనడం మొదలుపెడతారు. రెండు తప్పులూ ఒకే గుంటలోంచి వచ్చినవే.

గుర్తు పెట్టుకోవలసింది ఇది. ‘అగ్రీ’, ‘గో’ వంటివి తామే వెర్బులు, వాటికి ముడి అవసరం లేదు. ‘డాక్టర్’, ‘హ్యాపీ’, ‘ఇన్ ద రూమ్’ వంటివి వెర్బులు కావు కనుక వాటి ముందు ముడి కావాలి. ‘ఈజ్ గోయింగ్’, ‘ఈజ్ రిటెన్’ అన్నచోట ‘ఈజ్’ ముడి కాదు, అక్కడ అది సహాయక క్రియ. ‘బి’ అనే ఈ ఒక్క క్రియకు బి, యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీన్, బీయింగ్ అని ఎనిమిది రూపాలు ఉన్నాయి. ఇంగ్లీషులో మరే క్రియకూ ఇన్ని రూపాలు లేవు.

ప్రశ్న: ‘డిడ్ యు వెంట్’ అనడం ఎందుకు తప్పు? జరిగిపోయిన పని గురించే కదా అడుగుతున్నాం?

‘వెళ్ళావా’ అన్న ఒక్క మాటలో ధాతువు, భూతకాలం, నువ్వు అన్న సూచన, ప్రశ్న అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు ఈ బరువును రెండు మాటలకు పంచుతుంది. ప్రశ్న, కాలం ‘డిడ్’ మోస్తుంది, ధాతువు ‘గో’ మోస్తుంది. కాలాన్ని ఒకరు మోసిన తర్వాత రెండోవారు మళ్ళీ మోయరు. అందుకే ‘డిడ్ యు గో’.

ఇది పరాయి పద్ధతి అనిపిస్తే తెలుగు వ్యతిరేక వాక్యాన్ని చూడండి. ‘వెళ్ళాడు’ను కాదనాలంటే ‘వెళ్ళాడు లేదు’ అనం, ‘వెళ్ళలేదు’ అంటాం. ‘లేదు’ రాగానే ‘వెళ్ళాడు’లోని కాలం, పురుష ప్రత్యయం రెండూ రాలిపోయి ‘వెళ్ళ’ అన్న మొండి రూపం మిగిలింది. నేను వెళ్ళలేదు, అతను వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు అంటూ అందరికీ అదే. ‘డిడ్ నాట్ గో’ కూడా సరిగ్గా ఇంతే. ‘డజ్’ విషయంలోనూ ఇదే సూత్రం. ‘హి గోజ్’లోని ‘ఎస్’ చప్పుడును ‘డజ్’ తీసేసుకుంటుంది కనుక ‘డజ్ హి గో’ అనాలి.

‘వై యు కేమ్’, ‘వాట్ యు వాంట్’ అనే ప్రశ్నలు కూడా మన వాక్యక్రమంనుంచి వచ్చినవే. తెలుగులో ప్రశ్నపదం చేరితే చాలు, మిగిలినవి కదలవు. ఇంగ్లీషులో సహాయక క్రియ కర్తను దాటి ముందుకు రావాలి. అలా రావడానికి సహాయక క్రియ లేకపోతే ‘డు’ను తెచ్చుకోవాలి.

ప్రశ్న: మోడల్ వెర్బులు అంటే ఏవి? ‘హి కెన్ సింగ్స్’ ఎందుకు తప్పు?

కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అనే తొమ్మిది అసలైన మోడల్స్. ఇవి కర్తను బట్టి మారవు, వీటి తర్వాత మూల రూపమే వస్తుంది, మధ్యలో ‘టు’ రాదు. తెలుగులో వీటికి దాదాపు జంటలు ఉన్నాయి: చేయవచ్చు, చేయాలి, చేయకూడదు. నేను చేయాలి, ఆమె చేయాలి, వాళ్ళు చేయాలి అన్నప్పుడు క్రియ చివర పురుష ప్రత్యయం లేకపోవడం గమనించారా? మామూలు తెలుగు క్రియ చేస్తాను, చేస్తుంది, చేస్తారు అని ప్రతి మనిషికీ తల వంచుతుంది. ‘ఆలి’, ‘వచ్చు’, ‘కూడదు’ మాత్రం ఎవరికీ వంచవు. ‘గలను, గలడు’ ఒక్కటే ఈ పోలికకు లొంగదు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ‘మస్ట్ నాట్’కు, ‘డోంట్ హావ్ టు’కు తేడా చూడకపోవడం. ‘యు మస్ట్ నాట్ కమ్’ అంటే నువ్వు రాకూడదు. ‘యు డోంట్ హావ్ టు కమ్’ అంటే నువ్వు రానక్కరలేదు. పెళ్ళికి పిలిచినవారితో రెండోది అనబోయి మొదటిది అంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ప్రశ్న: ఇంగ్లీషులో ఫ్యూచర్ టెన్స్ లేదని కొందరు అంటారు. నిజమేనా?

రూపాన్ని మాత్రమే చూస్తే నిజమే. ‘వాక్’, ‘వాక్‌డ్’ అని క్రియ రెండు కాలాలకే రూపం మార్చుకుంటుంది. జరగబోయేదాన్ని ‘విల్’ వంటి మోడల్‌తోనో, ‘గోయింగ్ టు’తోనో, ఒక్కోసారి వర్తమాన రూపంతోనో చెబుతారు. తెలుగులోనూ ‘రోజూ వెళ్తాను’, ‘రేపు వెళ్తాను’ రెండింటికీ ఒకే రూపం. అందుకే మనవాళ్ళు రోజువారీ అలవాట్లకు కూడా ‘ఐ విల్ గో డైలీ’ అంటుంటారు. అలవాటుకు ‘ఐ గో’ అనాలి. పరీక్షల్లో మాత్రం ఫ్యూచర్ టెన్స్ ఉన్నట్టే రాయాలి.

ప్రశ్న: ట్రాన్సిటివ్, ఇన్‌ట్రాన్సిటివ్ అంటే సకర్మక, అకర్మక క్రియలేనా?

అవును, అవే. అయితే తేడా ఉన్నచోటే అసలు విషయం ఉంది. తెలుగులో చాలా జంటల్లో క్రియ రూపమే మారుతుంది. వంటింట్లోకి వెళ్ళి చూడండి. నీళ్ళు మరిగాయి, అమ్మ నీళ్ళు మరిగించింది. పప్పు ఉడికింది, పప్పు ఉడికించింది. గ్లాసు పగిలింది, పిల్లవాడు గ్లాసు పగలగొట్టాడు. తలుపు తెరుచుకుంది, తలుపు తెరిచాడు. ఈ జంటలను ఇంగ్లీషులో చెబితే ‘ద వాటర్ బాయిల్డ్’, ‘షి బాయిల్డ్ ద వాటర్’. ‘ద గ్లాస్ బ్రోక్’, ‘హి బ్రోక్ ద గ్లాస్’. ‘ద డోర్ ఓపెన్డ్’, ‘హి ఓపెన్డ్ ద డోర్’. క్రియ అక్షరం కూడా మారలేదు. వెనక కర్మ ఉందా లేదా అన్నదొక్కటే గుర్తు. కనుక ‘ఓపెన్’ సకర్మకమా అకర్మకమా అని విడిగా అడగడం కుదరదు, ఈ వాక్యంలో ఏమిటి అని అడగాలి.

కొన్ని జంటలకు మాత్రం ఇంగ్లీషు కూడా వేర్వేరు పదాలు ఉంచుకుంది. ‘రైజ్’, ‘రేజ్’ అలాంటి జంట. ‘ఐ’తో రాసే ‘రైజ్’ తనంత తాను లేవడం, సూర్యుడు ఉదయించినట్టు. ‘ఏఐ’తో రాసే ‘రేజ్’ మరొకదాన్ని లేపడం, చెయ్యి ఎత్తినట్టు. ‘లై’ (పడుకోవడం), ‘లే’ (పడుకోబెట్టడం) జంట ఇంకా గడుసుది, ఎందుకంటే ‘లై’ భూతకాల రూపమే ‘లే’. ఇంగ్లీషు మాతృభాషగా గలవారు కూడా ఇక్కడ తడబడతారు, కనుక మీరు తడబడితే సిగ్గుపడకండి.

ఇక తెలుగులో విభక్తి ఉండి ఇంగ్లీషులో ప్రిపొజిషన్ ఉండని క్రియలు. ‘సమస్య గురించి చర్చించాం’ అన్న అలవాటుతో ‘వి డిస్కస్‌డ్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అంటాం. ‘డిస్కస్’ నేరుగా కర్మను తీసుకుంటుంది, ‘అబౌట్’ అక్కరలేదు. ‘ఆమెతో పెళ్ళయింది’ కనుక ‘మ్యారీడ్ విత్ హర్’ అంటాం, ‘మ్యారీడ్ హర్’ చాలు. ‘ఊరికి చేరాం’ కనుక ‘రీచ్‌డ్ టు’ అంటాం, అక్కడ ‘టు’ వద్దు. దీనికి తిరగబడినది ‘ఎక్స్‌ప్లెయిన్’. నాకు వివరించు అనే ఉద్దేశంతో ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ అంటారు, కానీ అక్కడ ‘టు మి’ కావాలి. ‘గివ్ మి ద బుక్’లో ‘గివ్’ రెండు కర్మలను పక్కపక్కనే పెట్టుకోగలదు, ‘ఎక్స్‌ప్లెయిన్’కు ఆ వీలు లేదు.

ప్రశ్న: ‘యాన్ యాక్సిడెంట్ వాజ్ హ్యాపెన్డ్’ అని పత్రికా ప్రకటనల్లో కూడా చూశాను. సరైనదేనా?

కాదు. కర్మ ఉన్న క్రియకే కర్మణి వాక్యం. ‘హ్యాపెన్’, ‘అకర్’, ‘డై’, ‘అరైవ్’ వంటి అకర్మక క్రియలకు పాసివ్ వాయిస్ లేదు. ‘యాన్ యాక్సిడెంట్ హ్యాపెన్డ్’ అంటే చాలు.

ప్రశ్న: ‘ఐ యామ్ నోయింగ్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అనకూడదని చెబుతారు. ఎందుకు?

తెలిసి ఉండటం, కలిగి ఉండటం, నమ్మడం, ఇష్టపడటం పనులు కావు, స్థితులు. వీటిని చెప్పే స్టేటివ్ వెర్బులు సాధారణంగా ‘ఇంగ్’ రూపంలో రావు. మనకు చిక్కు ఎక్కడంటే, తెలుగులో నమ్ముతున్నాను, అనుకుంటున్నాను, కోరుకుంటున్నాను అని స్థితులకు కూడా వర్తమాన రూపం హాయిగా వాడతాం. దాన్ని మాటకు మాట మార్చితే ‘ఐ యామ్ బిలీవింగ్’ వస్తుంది. తమాషా ఏమిటంటే ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అన్న మాటను ఎవరూ ‘ఐ యామ్ లవింగ్ యు’ అని మార్చరు. ఆ వాక్యాన్ని అందరూ సినిమాల్లో ముక్కగా విని నేర్చుకున్నారు కనుక అది తప్పు కాకుండా బయటపడింది.

అన్నదమ్ముల సంగతి మరో రకం. ‘నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు’ అన్న వాక్యంలో అన్నలే కర్త, ‘నాకు’ అన్నది విభక్తి చేరిన పదం. ఇంగ్లీషు ఈ వాక్యాన్ని తిప్పి, నన్ను కర్తను చేసి, అన్నలను కర్మను చేస్తుంది: ‘ఐ హావ్ టూ బ్రదర్స్’. ‘నాకు తెలుసు’, ‘నాకు కావాలి’, ‘నాకు ఆకలిగా ఉంది’ వాక్యాలన్నింటిలో ‘నాకు’ను ‘ఐ’గా మార్చాలి. ఈ మార్పు ఒక్కటి అలవాటైతే సగం కష్టం తీరుతుంది. ఇక ‘హావ్’ తినడం, స్నానం వంటి పనులకు వాడినప్పుడు స్థితి కాదు, పని. కనుక ‘వి ఆర్ హావింగ్ లంచ్’ నిర్దోషమైన వాక్యం.

ప్రశ్న: ‘ఇంగ్’ చేరిన పదం ఒకచోట జెరండ్ అని, మరోచోట పార్టిసిపుల్ అని అంటారు. గుర్తుపట్టడం ఎలా?

తెలుగులోకి మార్చి చూడండి, అదే చెప్పేస్తుంది. ‘క్రైయింగ్ వోంట్ హెల్ప్’ అంటే ఏడవడం వల్ల లాభం లేదు. ‘ద క్రైయింగ్ చైల్డ్’ అంటే ఏడుస్తున్న పిల్ల. ‘షి కేమ్ క్రైయింగ్’ అంటే ఏడుస్తూ వచ్చింది. ‘షి ఈజ్ క్రైయింగ్’ అంటే ఏడుస్తోంది. ఏడవడం, ఏడుస్తున్న, ఏడుస్తూ, ఏడుస్తోంది అనే నాలుగు వేర్వేరు రూపాలకు ఇంగ్లీషులో ఒకే ‘క్రైయింగ్’. ‘అడం’ వస్తే జెరండ్, అది నౌన్ పని చేస్తోంది. ‘తున్న’ వస్తే విశేషణంగా నిలిచిన పార్టిసిపుల్, మన వ్యాకరణంలో క్రియాజన్య విశేషణం. ‘తూ’ వస్తే అదే పార్టిసిపుల్ క్రియకు తోడైంది, మన శత్రర్థకం. నాలుగోది ‘ఈజ్’తో కలిసి సమాపక క్రియ అయింది. ఈ ఒక్క విషయంలో తెలుగువారికి ఉన్న సౌకర్యం ఇంగ్లీషువారికి కూడా లేదని నా అభిప్రాయం.

‘తిని’, ‘వచ్చి’ వంటి క్త్వార్థకం దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. ‘అన్నం తిని వెళ్ళాడు’ను ‘హావింగ్ ఈటెన్, హి లెఫ్ట్’ అనవచ్చు. మాటల్లో అయితే ‘హి ఏట్ అండ్ లెఫ్ట్’ సహజం. తెలుగులో ‘వాన వచ్చి చెరువు నిండింది’ అన్నప్పుడు వచ్చింది వాన, నిండింది చెరువు. ఇద్దరు కర్తలున్నా మనకు ఇబ్బంది లేదు. ఇంగ్లీషు పార్టిసిపుల్‌కు కర్త వేరే చెప్పకపోతే, ప్రధాన వాక్యం కర్తే దానికీ కర్త అవుతుంది. ‘వాకింగ్ ఆన్ ద రోడ్, ఎ డాగ్ బిట్ మి’ అంటే రోడ్డు మీద నడుస్తున్నది కుక్క అని అర్థం వస్తుంది.

ప్రశ్న: ‘టు’ రూపానికి, ‘ఇంగ్’ రూపానికి అర్థంలో తేడా ఉంటుందా?

కొన్ని క్రియల తర్వాత ఉంటుంది. ‘హి స్టాప్‌డ్ స్మోకింగ్’ అంటే సిగరెట్టు తాగడం మానేశాడు. ‘హి స్టాప్‌డ్ టు స్మోక్’ అంటే సిగరెట్టు తాగడానికి ఆగాడు. ‘అడం’, ‘అడానికి’ల తేడాయే. ‘లుక్ ఫార్వర్డ్ టు’లోని ‘టు’ ప్రిపొజిషన్ కనుక దాని తర్వాత ‘మీటింగ్ యు’ అని రావాలి. ఉత్తరాల చివర చాలామంది అక్కడ ‘మీట్’ అని రాసేస్తారు.

ప్రశ్న: జుట్టు కత్తిరించుకున్నాను అనడానికి ‘ఐ కట్ మై హెయిర్’ అనవచ్చా?

కత్తెర మీ చేతిలో ఉంటే అనవచ్చు. మంగలి షాపుకు వెళ్ళి వచ్చినట్లయితే ‘ఐ హాడ్ మై హెయిర్ కట్’ అనాలి. చేయు, చేయించు, కట్టు, కట్టించు అని తెలుగు క్రియకు ‘ఇంచు’ చేర్చి ప్రేరణార్థకం చేస్తాం. ఇంగ్లీషులో ఆ ప్రత్యయం లేదు, ‘హావ్’, ‘గెట్’ ఆ పని చేస్తాయి. ఇల్లు కట్టించుకున్నవారు ‘ఐ బిల్ట్ ఎ హౌస్’ అంటే ఇంగ్లీషువారు కూడా తప్పు పట్టరు, అది వాడుక. పన్ను పీకించుకున్నవారు మాత్రం ‘ఐ పుల్డ్ మై టూత్’ అనకపోవడం మంచిది.

ప్రశ్న: ఫ్రేజల్ వెర్బులోని (‘పుట్ ఆఫ్’లా చిన్న పదంతో కలిసిన క్రియలోని) చిన్న పదం ప్రిపొజిషనా, అడ్వెర్బా?

‘హి ర్యాన్ అప్ ఎ హిల్’ అంటే కొండ పైకి పరుగెత్తాడు. ‘హి ర్యాన్ అప్ ఎ బిల్’ అంటే బాకీ పెంచుకున్నాడు. చూడటానికి రెండూ ఒకటే. మొదటిదాన్ని ‘అప్ ఎ హిల్ హి ర్యాన్’ అని తిప్పవచ్చు, ఎందుకంటే ‘అప్’ కొండకు అతుక్కుని ఉంది, అది ప్రిపొజిషన్. రెండోదాన్ని అలా తిప్పలేం. అక్కడ ‘అప్’ క్రియకు అతుక్కుంది, దాన్ని పార్టికల్ అంటారు. ఇలాంటి క్రియకు కర్మగా సర్వనామం వస్తే అది మధ్యలోనే కూర్చోవాలి. దాన్ని వాయిదా వెయ్యి అనడానికి ‘పుట్ ఇట్ ఆఫ్’ అనాలి, ‘పుట్ ఆఫ్ ఇట్’ అనకూడదు. వీటి అర్థం ముక్కలు కలిపితే రాదు. మన ‘చెయ్యి ఇచ్చాడు’ అన్న జాతీయంలో చేతినీ, ఇవ్వడాన్నీ విడివిడిగా కలిపితే మోసం అన్న అర్థం రానట్టే.

ప్రశ్న: ‘ఎల్‌వై’ ఉంటే అడ్వెర్బ్, లేకపోతే అడ్జెక్టివ్ అనుకోవచ్చా?

అనుకోకూడదు. ‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’ చివర ‘ఎల్‌వై’ ఉన్నా అవి అడ్జెక్టివులు. ‘ఫాస్ట్’ ఏ మార్పూ లేకుండా రెండు పనులూ చేస్తుంది. ‘హార్డ్’కు ‘ఎల్‌వై’ చేర్చితే అర్థమే తిరగబడుతుంది: ‘హి వర్క్‌డ్ హార్డ్’ అంటే కష్టపడ్డాడు, ‘హి హార్డ్లీ వర్క్‌డ్’ అంటే పని చేయలేదన్నంత తక్కువ చేశాడు. ఉద్యోగ దరఖాస్తులో ఈ తేడా చిన్నది కాదు.

తెలుగువారిని ప్రత్యేకంగా మోసం చేసేది ‘గా’ ప్రత్యయం. వేగంగా పరుగెత్తాడు అన్నప్పటి ‘గా’ అడ్వెర్బే. అదే అలవాటుతో ‘కూర రుచిగా ఉంది’, ‘ఆమె అందంగా కనిపిస్తోంది’ వాక్యాల్లోనూ ‘గా’ చూసి ‘షి లుక్స్ బ్యూటిఫుల్లీ’ అంటారు. ‘లుక్’, ‘టేస్ట్’, ‘స్మెల్’, ‘ఫీల్’, ‘సీమ్’ ఇలాంటిచోట లింకింగ్ వెర్బులు. అందం చూసే పనికి కాదు, ఆమెకు చెందింది. అందుకే ‘షి లుక్స్ బ్యూటిఫుల్’, ‘ద కర్రీ టేస్ట్స్ గుడ్’.

ప్రశ్న: ఇర్రెగ్యులర్ వెర్బుల పట్టిక మొత్తం బట్టీ పట్టాలా?

వాడుకలో ఉన్నవి సుమారు 200. వరస క్రమంలో బట్టీ పట్టడం కన్నా, ‘సింగ్, స్యాంగ్, సంగ్’ వెంట ‘రింగ్’, ‘డ్రింక్’ను, ‘కట్’ వెంట ‘పుట్’, ‘హిట్’ను గుంపుగా చదివితే నిలుస్తాయి. ‘గో’కు ‘వెంట్’ ఏమిటని ఆశ్చర్యపడేవారికి ఒక మాట: ‘వెంట్’ అసలు ‘వెండ్’ అనే వేరే క్రియకు భూతకాల రూపం, తర్వాత ‘గో’ ఇంటికి దత్తత వచ్చింది. మన ‘వచ్చాడు’కు వ్యతిరేకం ‘రాలేదు’, పిలుపు ‘రండి’. తెలుగు నేర్చుకునే పరాయివారు దీన్ని చూసి ఇలాగే తల పట్టుకుంటారు.

ప్రశ్న: డిక్షనరీలో వెర్బ్ పక్కన ‘టి’, ‘ఐ’ అని ఉంటుంది. అవేమిటి?

‘టి’ అంటే ట్రాన్సిటివ్, ‘ఐ’ అంటే ఇన్‌ట్రాన్సిటివ్. రెండూ ఉంటే ‘ఓపెన్’లా రెండు విధాలా పనికొస్తుందని అర్థం. నౌన్ల పక్కన ‘సి’ అంటే లెక్కపెట్టగలిగినది, ‘యు’ అంటే లెక్కపెట్టలేనిది. ‘ఇన్ఫర్మేషన్’, ‘ఫర్నిచర్’, ‘అడ్వైస్’ పక్కన ‘యు’ ఉంటుంది కనుక వాటికి బహువచనం లేదు. తెలుగులో సలహాలు, సామాన్లు అంటాం కనుక ‘అడ్వైసెస్’ అని నోటికి వస్తుంది. నేర్చుకునేవారి కోసం తయారైన డిక్షనరీల్లో ఈ గుర్తులతోపాటు ఉదాహరణ వాక్యం కూడా ఉంటుంది. ఫోనులో అర్థం చూసి మూసేసే ముందు ఆ వాక్యాన్ని ఒకసారి చదివి, క్రియ తర్వాత ఏం వచ్చిందో చూడండి.